చెరువు చేప అని రాసిన కాగితం

కరోనా రెండో విడత సద్దుమణిగిన ఏడాది, ఆగస్టు నెలలో, నన్ను మార్కాపురానికి బదిలీ చేశారు. మత్స్యశాఖలో ఫిషరీస్ డెవలప్‌మెంట్ ఆఫీసరుని. అంత పొడుగు పేరు ఎవరూ పలకరు, ఎఫ్‌డీవో అంటారు. మా శాఖలో ఆ హోదా నడిమధ్యన ఉంటుంది. పైన అసిస్టెంట్ డైరెక్టరు, కింద గ్రామ సచివాలయాల్లో మత్స్య సహాయకులు. మధ్యలో ఉన్న మేము చెరువుల్లో చేపపిల్లలు వదిలించాలి, సహకార సంఘాల లీజు కాగితాలు చూడాలి, ఎవరైనా చేపను తెచ్చి చూపిస్తే ఇది ఫలానా రకమని తేల్చి సంతకం పెట్టాలి. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లు కూడా లేవు. ఈ చివరి పోస్టింగులో కొత్తగా నేర్చుకునేదేముంటుంది అనుకుంటూ సామాను దింపాను. ఆ ధీమా మూడు నెలలు నిలిచింది.

మాది సముద్రం ఒడ్డు ఊరు. మా ఇంట్లో, మా సంతలో చేపలు రెండే రకాలు: సముద్రం చేప, చెరువు చేప. ఉప్పునీటిది కాకపోతే అది చెరువు చేపే. కాలువలో పట్టినా, ఏట్లో పట్టినా, వరిమడి గట్టున దొరికినా మాకు చెరువు చేపే. చదువుకున్నాక శాస్త్రీయ నామాలు వచ్చాయి గాని నాలుక మీది మాట మారలేదు. మారనందువల్ల ముప్పై ఏళ్లలో ఏ ఇబ్బందీ రాలేదు. మార్కాపురం, గిద్దలూరు వైపు మాత్రం వచ్చింది. ఒక మనిషి మీద దొంగతనం కేసు పడే దాకా వచ్చింది. ఆఖరికి అంతా మంచిగా తేలింది కాబట్టే ఈ సంగతి ఇంత తీరిగ్గా రాయగలుగుతున్నాను. తేలకపోయి ఉంటే దాచిపెట్టేదాన్నేమో, నిజం చెప్పాలంటే.

ఊరి పేరు రాయను. అందరూ ఇంకా అక్కడే ఉన్నారు, రోజూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. కంభం నుంచి గిద్దలూరు పోయే దారికి పడమరగా, నల్లమల కొండల వైపు ఉంటుందని మాత్రం చెబుతాను. ఊరికి ఒక చెరువు ఉంది. కంభం చెరువు ముందు అది గుంట కిందే లెక్క గాని, ఆ ఊరి మత్స్యకారుల సంఘానికి అదే బతుకు. లీజు తీసుకున్న సంఘానికి ఆ చెరువులోని ప్రతి చేప మీదా హక్కు ఉంటుంది. వాళ్లు వదిలిన బొచ్చె, శీలావతి మాత్రమే కాదు, తమంతట తాము పెరిగే గండిపరిగెలు, జెల్లలు కూడా వాళ్లవే. కొండల్లోంచి వచ్చే వాగొకటి ఆ చెరువులో కలుస్తుంది. ఆ వాగు ఎవరి లీజులోనూ లేదు. అడవి హద్దుకు ఇవతల ఎవరు వల వేసుకున్నా అడిగేవాళ్లు లేరు.

ఆ ఏడు వానలు దంచి కొట్టాయి. ఎన్నో ఏళ్లుగా నోరు తెరుచుకుని ఉన్న చెరువులు నిండి అలుగులు పారాయి. నవంబరులో ఒక శుక్రవారం పొద్దున ఏసోబు అనే ఆయన చేపల గంప నెత్తిన పెట్టుకుని చెరువు కట్ట మీదుగా కంభం దారి పట్టాడు. నలభై దాటిన మనిషి. మిరప తోటల్లో కూలి, కూలి లేని రోజుల్లో వల. గంపలో ఉన్నవన్నీ గండిపరిగెలు. సంఘం అధ్యక్షుడు వెంకటసుబ్బయ్య కట్ట మీద ఎదురయ్యాడు. గంప దింపించి చూశాడు. అప్పటికే చెరువులో చేప తగ్గిందని, ఎవరో ఎత్తుకుపోతున్నారని ఆయన నిద్రపోవడం లేదు. గంపలో చేప, కట్ట మీద మనిషి, భుజాన తడి వల. అధ్యక్షుడికి ఇంకేం కావాలి? మనిషినీ గంపనూ వలనూ కలిపి పోలీసు స్టేషనుకు తీసుకుపోయాడు.

వాగులో పట్టానని ఏసోబు చెప్పాడు. చెరువులో పట్టాడని వెంకటసుబ్బయ్య చెప్పాడు. ఎస్సై తొందరపడే మనిషి కాదు. ఏసోబును ఇంటికి పంపించి, వల మాత్రం స్టేషనులో ఉంచుకుని, చేపల్ని మంచు పెట్టెలో వేయించి నాకు లేఖ రాశాడు: స్వాధీనం చేసుకున్న చేపలను పరిశీలించి అభిప్రాయం తెలుపగలరు.

శనివారం ఉదయం వెళ్లాను. అడిగింది అభిప్రాయం. ఏ విషయంలో అభిప్రాయమో లేఖలో లేదు, నేనూ అడగలేదు. చేప పాడైందా, మందు పెట్టి పట్టిందా అన్నదే వాళ్ల అనుమానం అనుకున్నాను. అలాంటి లేఖలే ఎక్కువగా వస్తాయి. మొప్పలు ఎత్తి చూశాను, ఎర్రగా ఉన్నాయి. మందు వాసన లేదు. నా దగ్గర ఎప్పుడూ ఉండే కాగితం మీద మూడు వాక్యాలు రాశాను. పై చేపలు గండిపరిగెలు. చెరువు చేప. తినడానికి పనికివచ్చేవే. సంతకం, తేదీ, సీలు. నా సంతకం మీద నాకు కొంచెం గీర ఉండేది, ముప్పై ఏళ్లలో ఎవరూ తిప్పి పంపలేదని.

ఆ పూట చేసిన ఒక మంచి పని పాత అలవాటు వల్ల జరిగింది. పరిశీలనకు వెళ్లినప్పుడల్లా నాలుగైదు చేపల్ని ఫార్మలిన్ సీసాలో వేసి ఉంచుతాను. ఫార్మలిన్ అంటే చేప కుళ్లకుండా ఆపే మందునీళ్లు. ఆ రోజు జానెడుకు లోపు ఉన్నవి ఆరు ఏరి సీసాలో వేసి, మూతకు కాగితం అంటించి, ఎస్సై చేత దాని మీద సంతకం చేయించి స్టేషనులోనే వదిలాను. మిగిలినవి సాయంత్రానికి చెడతాయని పంచనామా రాసి పాతిపెట్టించారు.

సోమవారం పదింటికి ఒకామె నా ఆఫీసు గుమ్మంలో నిలబడింది. కరుణమ్మ, ఏసోబు భార్య. కంభం సంతలో చేపలమ్మేది ఆమే.

"అమ్మా, చెరువు చేప అని నువ్వే రాసినావంట. మా ఆయన వాగులో పట్టుకొచ్చినాడు. చెరువులో పట్టింది నువ్వు చూసినావా?"

నేను అలా రాయలేదని గట్టిగానే చెప్పాను. చేప రకం మాత్రమే రాశానన్నాను. రాసినావని అందరూ చెప్పుకుంటున్నారు, ఎస్సై కూడా చెప్పినాడు అంది ఆమె. కోపం వచ్చింది నాకు. ఫైలు తెప్పించి ఆఫీసు కాపీ తీశాను, ఆమెకు చదివి వినిపించి పంపించేద్దామని. రెండో వాక్యం దగ్గర నోరు ఆగిపోయింది. చెరువు చేప. నా చేతిరాతే, నా సీలే. నా దృష్టిలో ఆ మాటకు ఉప్పునీటిది కాదని అర్థం. ఆ ఊళ్లో ఆ మాటకు అర్థం ఒకటే: మా చెరువులోది.

ముఖం చెల్లలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాను, ఆమె కూర్చోలేదు. ఆ వల మా మామది, ఆయన పోయినాక దాన్ని ఈయన కంటికి రెప్ప మాదిరి చూసుకుంటాడు, కేసంటే భయపడి రెండు పూటలా ముద్ద ముట్టలేదు అని చెప్పింది. ఏడవలేదు. నా కాగితం వైపు చూస్తూ చెప్పింది, అది మరీ కష్టంగా ఉంది.

అసిస్టెంట్ డైరెక్టరుకు ఫోను చేశాను. ఒక వివరణ ఇచ్చేయండి, పొరపాటున రాశానని, అయిపోతుంది అన్నారు. అదే రాసుకుని స్టేషనుకు వెళ్లాను. ఎస్సై చదివి పక్కన పెట్టాడు. మీ మొదటి కాగితం లేకపోతే ఆయన మాటకు ఈయన మాట సరిపోయేది, ఇప్పుడు ఆ కాగితం ఫిర్యాదుతో జతపడింది, వెనక్కు తీసుకున్నారంటే ఎవరో మిమ్మల్ని కలిశారంటారు అన్నాడు. తరువాత అడగాల్సిన ప్రశ్న అడిగాడు.

"అది చెరువు చేప కాదు, వాగు చేపేనని చెప్పగలరా మేడం?"

రెండూ గండిపరిగెలే. పేరు ఒకటి, జాతి ఒకటి, వాగు పోయి కలిసేది ఆ చెరువులోనే. మా రికార్డుల ప్రకారం తేడా లేదు. చెప్పలేనని చెప్పబోయి ఆగాను. సీసాలో ఆ ఆరు చేపలు కనబడుతున్నాయి, స్టేషను రాతపని చూసే రైటరు బల్ల వెనక అలమరలో. శనివారం నాడు నేను వాటి మొప్పలే చూశాను, ఒళ్లు చూడలేదు. ఇప్పుడు చూస్తే గండిపరిగెకు ఉండాల్సిన ఆ గుండ్రని వీపు కనిపించలేదు. సన్నగా, కొంచెం పొడుగ్గా ఉన్నాయి. తోక రెక్కకు ముందుండే సన్నటి భాగాన్ని మేము తోక కాడ అంటాము, అది సాగినట్టుంది.

చదువుకునే రోజుల్లో విన్న సంగతి గుర్తొచ్చింది. ఒకే జాతి చేప పారే నీళ్లలో పెరిగితే ఒక తీరుగా, నిలిచిన నీళ్లలో పెరిగితే ఇంకో తీరుగా ఉంటుంది. ప్రవాహానికి ఎదురు నిలవాలంటే సన్నటి ఒళ్లు కావాలి, తోక ఊపుకు బలం కావాలి. నీళ్లు నిలిచినచోట గుండ్రటి వీపు మేలు, చటుక్కున పక్కకు తిరగవచ్చు, పెద్ద చేప నోట్లో పట్టకుండానూ ఉంటుంది. కొంత తరతరాలుగా వచ్చేది, కొంత పిల్లగా ఉన్నప్పటి నుంచి నీళ్లు దిద్దేది. ఏది ఎంతన్నది ఆ చేపల విషయంలో నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. అన్ని జాతుల్లోనూ ఇంత స్పష్టంగా కనబడదని మాత్రం తెలుసు. ఎస్సైని శుక్రవారం దాకా ఆగమని అడిగాను. ఆగుతానన్నాడు, ఆపైన కేసు కట్టక తప్పదని కూడా చెప్పాడు.

మంగళవారం ముందు చెరువు మీదికి వెళ్లాము. ఒక కానిస్టేబులు, వీఆర్వో సాక్షులు. విసురువల వేసింది వెంకటసుబ్బయ్యే. అరవైకి దగ్గరపడిన మనిషి, వల విసిరితే నీళ్ల మీద గుండ్రంగా పరుచుకుంటుంది, చూడముచ్చటగా. ఆ వల పట్టిన చేతిని చూసి ఇతను అబద్ధాలాడే మనిషి కాదని నాకనిపించింది. నిజంగానే చేప పోయింది, నిజంగానే అనుమానం వచ్చింది. పడిన వాటిలోంచి సీసాలో చేపల పొడవుకు సరిపోయే గండిపరిగెలు పది ఏరాను. చిన్నదానికీ పెద్దదానికీ ఒంటి తీరు వేరుగా ఉంటుంది, కాబట్టి ఒకే పొడవువి తీసుకోవాలి.

తరువాత వాగు. ఏసోబు ముందు నడిచాడు. వలను ఆ ఒక్కరోజుకు రసీదు రాయించుకుని ఇచ్చారు, అది కూడా కానిస్టేబులు భుజాన వచ్చింది. నీళ్ల దగ్గరికి చేరాక గాని ఏసోబు చేతికి ఇవ్వలేదు. తీసుకోగానే ఏసోబు ముందు దాని ముడులన్నీ తడిమి చూసుకున్నాడు. మైలు పైగా నడిచాక మనిషెత్తు రాతి మెట్టు వచ్చింది, దాని మీదినుంచి నీళ్లు కిందికి దూకుతున్నాయి. చెరువు చేప ఎంత ఎగిరినా ఆ మెట్టు ఎక్కలేదు. ఏసోబు పట్టేది ఆ మెట్టుకు పైన.

మోకాలి లోతులోనే నన్ను నీళ్లు తోసేశాయి. పడబోతే ఏసోబు చేయి అందించాడు. పక్కన రాళ్లకు పొట్ట ఆనించి అతుక్కుపోయిన వేలెడంత చేపల్ని చూపించాడు. వాటి కింది పెదవి దగ్గర పీల్చిపట్టుకునే గుండ్రటి తిత్తి ఉంటుంది, వాటికి ఈదే పని లేదు, పట్టుకుంటే చాలు. గండిపరిగెకు ఆ సౌకర్యం లేదు.

"ఈడ ఊరికే నిలబడాలన్నా ఈదాల్సిందేనమ్మా," అన్నాడు ఏసోబు. "చెరువులో దానికి ఆ బాధ ఏంది? తినేది, తిరిగేది."

నేను పుస్తకంలో నాలుగు పేజీలు చదివి నేర్చుకున్నది అదే. ప్రవాహం నడుమ నుంచి పది గండిపరిగెలు తీసుకున్నాను. ఒడ్డు వారగా ఒక మడుగు ఉంది, నీళ్లు కదలక పచ్చగా ఉన్నాయి. దాంట్లోనూ వేయమంటారా అని అడిగాడు. వద్దన్నాను. ఎందుకంటే నాకు కావలసినవి పారే నీళ్లలోవి. సరే గాని, ఈ మడుగులో పడేటివి కొంచెం లావుగుంటాయి, మా ఇంట్లో వీటిని సోమరి పరిగెలంటాం, మొన్న గంపలో కూడా రెండు మూడు పడినాయి అన్నాడు. వీఆర్వో ఆ పేరుకు ముచ్చటపడి నవ్వుకుంటూ పంచనామాలో రాసేశాడు. అనవసరమైన ముక్క ఎందుకండీ అన్నాను. ఉండనీయండి మేడం, మనిషి చెప్పింది చెప్పినట్టు రాయాలి కదా అన్నాడు. ఆ మాటకు ఆయనకు నేనెంత రుణపడ్డానో మూడు రోజుల తరువాత తెలిసింది.

ఆ ఇరవై చేపల్ని కూడా ఫార్మలిన్‌లో వేశాను. మందునీళ్లకు చేప ఒళ్లు కొద్దిగా ముడుచుకుంటుంది, కాబట్టి మూడు గుంపులకూ అదే గతి పట్టాలి. ఇంకో లాభం కూడా ఉంది. ఫార్మలిన్‌లో రంగు పోతుంది. వాగు చేపకు బంగారు ఛాయ, చెరువు చేపకు పాలిపోయిన తెలుపు ఉంటాయి, రెండు రోజుల్లో అన్నీ ఒకే బూడిద రంగుకు వచ్చాయి. ఇక మిగిలింది ఆకారమే.

గురువారం స్టేషనులోనే రైటరు ఎదుట కూర్చుని కొలిచాను. ముట్టె కొస నుంచి తోక రెక్క మొదలు దాకా పొడవు, వీపు నుంచి పొట్ట దాకా ఎత్తు, తోక కాడ పొడవు. చెరువు చేపలన్నిటికీ ఒంటి ఎత్తు పొడవులో మూడో వంతు దాటింది. వాగు చేపల్లో ఒక్కటి కూడా మూడో వంతును అందుకోలేదు. గంపలోవి ఐదు వాగు చేపల వైపు చేరాయి. ఆరోది ఒంటి ఎత్తులో చెరువు వైపు చేరింది, దాని తోక కాడ మాత్రం రెంటికీ నడుమ ఉంది.

ఆ రాత్రి కొలతల కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఐదు చాలవా అని ఒకసారి, ఒకటి చాలదా కేసుకు అని ఇంకోసారి. ఆరోదాన్ని పక్కన పడేస్తే ఎవరికీ తెలియదు. కాని ఒక మాట చూడకుండా రాసినందుకే ఇదంతా జరిగింది. ఇప్పుడు చూసినదాన్ని రాయకుండా ఉంటే ఇంకో తప్పవుతుంది.

శుక్రవారం పదకొండింటికి అందరం స్టేషనులో ఉన్నాము. నా కొలతలు చదివితే ఎస్సైకి అర్థమవుతాయి, వెంకటసుబ్బయ్యకు అర్థం కావు. అర్థం కానిది ఆయన ఒప్పుకోడు, ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు. అందుకని చేపల్ని మంచినీళ్లలో నానబెట్టి, మందు వాసన పోగొట్టి, ఇరవై ఆరింటికీ మొప్ప కింద దారం కట్టించాను. దారానికి అంకె. ఏ అంకె ఎక్కడిదో రైటరు కవరులో పెట్టి అంటించాడు. నాక్కూడా తెలియకుండా ఆయనే కలగలిపాడు. స్టేషను వెనక ఇంటి పనికి తెచ్చిన మార్కాపురం పలకరాయి ఒకటి ఉంటే కడిగించి దాని మీద వరసగా పేర్చాము. నల్లటి రాయి మీద ప్రతి చేప గీసిన బొమ్మలా కనబడింది.

"సుబ్బయ్యన్నా, మీ చెరువువి ఏవో ఏరిపెట్టండి," అన్నాను.

ఆయన నవ్వాడు. పుట్టినప్పటి నుంచి చూస్తుండానమ్మా, దీనికి పరీక్ష ఎందుకు అన్నాడు. ఎస్సై కూడా ఏరమన్నాడు. ఆయన పంచె కొసతో చేయి తుడుచుకుని వంగి కూర్చున్నాడు. మొదటి నాలుగు చకచకా తీసి కుడివైపు పెట్టాడు. ఐదోదాన్ని పట్టుకుని బొటనవేలు వీపు మీద రాసి తిరిగి రాయి మీదే వదిలేశాడు. అప్పటి నుంచి చేయి నెమ్మదించింది. ఏసోబు గోడకు ఆనుకుని నిలబడి తన వల వైపు చూస్తున్నాడు. కరుణమ్మ బయట వరండాలో ఉంది. చివరికి కుడివైపు పదకొండు చేపలు చేరాయి. రాయి మీద పదిహేను మిగిలాయి.

రైటరు కవరు చించి అంకెలు చదివాడు. కుడివైపున ఉన్నవాటిలో పది చెరువువే, చెరువు చేప ఒక్కటి కూడా తప్పిపోలేదు. రాయి మీద మిగిలినవాటిలో పది వాగువి, ఐదు గంపలోవి.

పదకొండోది గంపలోది. ఆ అంకె చదివినప్పుడు రైటరు గొంతు తగ్గించాడు.

నా కొలతల్లో కూడా అది ఆ వైపే చేరిందని నేనే చెప్పాను. తిండి లేక ఐదు సన్నబడి, తిన్నదొకటి అలాగే ఉండొచ్చు కదా మేడం, అన్నాడు ఎస్సై. పస్తుంటే మనిషికి పొట్ట లోపలికి పోతుంది గాని కాళ్లు పొడుగు కావు, తోక కాడ ఎముక అలాగే ఉంటుంది, ఆ ఐదింటి విషయంలో నాకు అనుమానం లేదు అన్నాను. ఆరోదాని సంగతి చెప్పలేనన్నాను.

ఎస్సై పంచనామా తీసి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు. అలవాటు కొద్దీ పైకే చదువుతున్నాడు. రాతి మెట్టు ఎత్తు చదివాడు, పది చేపలు చదివాడు, తరువాత ఒక వాక్యం దగ్గర ఆగి మళ్లీ చదివాడు. "సదరు ఏసోబు చెప్పినది ఏమనగా, ప్రక్క మడుగులో పడు చేపలు కొంచెం లావుగా ఉండుననియు, వాటిని తమ ఇంట సోమరి పరిగెలందురనియు, స్వాధీనమైన గంపలోనూ అవి రెండు మూడు కలవనియు."

వెంకటసుబ్బయ్య గట్టిగా నవ్వేశాడు.

"సోమరి పరిగా? ఎవరు పెట్టినారు ఏసోబూ ఆ పేరు?"

"మా నాయన పెట్టినాడన్నా. ఎదురీదకుండా మడుగులో పడుంటాయని."

అధ్యక్షుడు పదకొండోదాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. కిటికీ వెలుతురుకు పట్టాడు. తోక కాడను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, కుడివైపునుంచి ఇంకోదాన్ని తీసి పక్కన పెట్టి చూశాడు. ఎస్సై ఏదో అనబోతే చేత్తో ఆగమన్నాడు. ఒళ్లు మా చేప మాదిరే వచ్చింది గాని తోక ఇంకా వాగుదే, అన్నాడు. తరువాత దాన్ని తెచ్చి రాయి మీద, మిగిలిన పదిహేనింటి పక్కన పెట్టాడు.

"ఇది మాది కాదులే సార్. నేనే పొరబడినా."

అమ్మయ్య అన్నాను, పైకే అనేశాను. ముప్పై ఏళ్ల సర్వీసులో పోలీసు స్టేషనులో అమ్మయ్య అన్నది అదొక్కసారే. తన ఫిర్యాదుకు తానే అడ్డుపడేందుకు మనిషికి ఎంత నిబ్బరం కావాలో అప్పుడు నాకు పూర్తిగా తట్టలేదు, బస్సులో తిరిగి వస్తున్నప్పుడు తట్టింది. మాది కాదు అని అనకుండా ఊరుకుంటే సరిపోయేది ఆయనకు. ఆయన చేయి, ఆయన కన్ను ఒప్పుకోలేదు.

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పాడు. అలుగు పారినప్పుడు చేప పోకుండా కట్టిన జాలి ఆ వానలకు ఒక పక్క కొట్టుకుపోయింది. చేప ఆ దారినే దిగువకు పోయింది. కట్టించింది తానే కాబట్టి సంఘంలో ఆ మాట ఎవరూ ఎత్తలేదు, తానూ ఎత్తలేదు. దొంగ దొరికితే బాగుండునని మనసులో అనుకుంటూ ఉన్నాను, ఏసోబు ఎదురైనాడు, అంతే అన్నాడు. ఎస్సై తెల్లకాగితం ముందు పెడితే ఫిర్యాదు వెనక్కు తీసుకుంటున్నట్టు రాసి సంతకం చేశాడు. నా మొదటి కాగితం మీద నేను ఎర్ర సిరాతో, రెండో వాక్యం చేప రకానికే గాని పట్టిన చోటుకు సంబంధించినది కాదు అని రాసి పక్కన సంతకం చేశాను. గీర లేని సంతకం అది.

వల ఇచ్చేశారు. ఏసోబు మళ్లీ ముడులన్నీ తడిమి చూసుకున్నాడు, ఒకటి తెగి ఉంది. పోనీలే, మేమే కట్టిస్తాం అన్నాడు వెంకటసుబ్బయ్య. వద్దన్నా, ఈ ముడి నాకే వచ్చు అన్నాడు ఏసోబు. ఇద్దరూ కలిసి బయటికి నడిచారు, అలుగు జాలి గురించి మాట్లాడుకుంటూ. వరండాలో కరుణమ్మ నా దగ్గరకు వచ్చింది. ఐదు రోజుల్లో మొదటిసారి ఆమె ముఖంలో నవ్వు చూశాను.

"ఇంక చెరువు చేప అని రాయబాకు తల్లీ," అంది.

రాయలేదు. ఆ తరువాత రిటైరయ్యే దాకా నా రిపోర్టుల్లో ఉప్పునీటిది కాని ప్రతి చేపా మంచినీటి చేప. ఎవరైనా అభిప్రాయం తెలుపగలరు అని రాస్తే, ఏ విషయంలో అని తిరిగి రాసి జవాబు వచ్చాకే కదిలాను. పరిశీలన కాగితంలో చేప రకం గడి పక్కన, పట్టిన చోటు అని ఇంకో గడి నేనే గీసుకున్నాను. మార్కాపురంలో బాధ్యతలు అప్పగించిన రోజు నా తరువాత వచ్చిన ఆఫీసరు ఫైళ్లు తిరగేస్తూ, ఈ గడిలో ఇన్నిచోట్ల ఒకే మాట ఉందేమిటండీ అని అడిగారు. చూశాను. పేజీ తరువాత పేజీలో అదే ఉంది, నా చేతిరాతలో: నేను చూడలేదు.